ధవళేశ్వరములో వీరేశలింగం పంతులుగారు

ధవళేశ్వరము చూడబోయినవారు సాధారణముగా ఆనకట్టను చూచి, దానిని కట్టించిన సర్ ఆర్థర్ కాటను దొరగారిని తలచుకొని మరలివత్తురు. అది న్యాయమే. 1847లో మొదలిడి 1852 నాటికి ముగించిన ఆ కట్టడము మన డెల్టా బ్రతుకునే మార్చివేసినది. దానికి బదులుగా 1970 తరువాత నిర్మించిన బరాజునకు సైతము ఆయన పేరే పెట్టినారు. కాని బడిపంతులు వృత్తిలో తల నెరయుచున్న మావంటివారికి ఆ యూరి పేరు వినగానే నీటిపనికంటె ముందుగా వేరొక పని స్ఫురించును. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆ యూరనే ఆంగ్ల పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా నుండిరి. 1874లో ఆయన బాలికల పాఠశాలను స్థాపించినదియు అచ్చటనే. సంఘసంస్కర్తగా ఆయనను ఎరుగనివారు తెలుగునాట లేరు. గద్యతిక్కన యని మా విద్యార్థులు పరీక్షలలో తప్పక వ్రాయుదురు. ఉపాధ్యాయుడుగా ఆయనను తలచువారు మాత్రము తక్కువ.

ఈ విషయము మా మనస్సున నాటుకొనుటకు కారణమొకటి కలదు. గత డిసెంబరు నెలలో తొమ్మిదవ తరగతి పిల్లలను వెంటబెట్టుకొని మేము ధవళేశ్వరము వెళ్లితిమి. కాలువ లాకులయొద్ద నిలిచియుండగా ఒక బాలుడు తోడివారిని చుట్టును చేర్చుకొని, ఒక తలుపు మూసి మరియొకటి తెరచినచో నీటిమట్టము ఎట్లు లేచునో, క్రింది కాలువలోని పడవ పై కాలువలోనికి ఎట్లు ఎక్కునో నేలమీద పుల్లతో గీచి చెప్పుచుండెను. తప్పు లేకుండ చెప్పెను. వినువారు నోరు తెరచి వినిరి. ఆ బాలుడు మా తరగతిలో మూడు సంవత్సరములుగా వెనుక బల్లమీద కూర్చుండువాడు. పద్యము అప్పజెప్పలేడు, చదువునపుడు తడబడును, వ్రాతలో ఒత్తులు దిగవిడుచును. మేము వానిని మందబుద్ధుల జాబితాలో వేసి, ఆ జాబితాను మరల విప్పిచూడక మూడేండ్లు గడపితిమి. శిక్షణ కళాశాలలో చదివినపుడు విద్యార్థుల వ్యక్తిభేదములను గూర్చి పుటలకొలది వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొన్నవారము మేమే. తిరుగు ప్రయాణమున బస్సులో మాకు మాట తోచలేదు. ఇంటికి వచ్చి పంతులుగారి జీవితమును మరల తిరుగవేసితిమి. ఈ వ్యాసము దాని ఫలితము.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున పుట్టిరి. తండ్రి సుబ్బరాయుడుగారు, తల్లి పూర్ణమ్మగారు. ఆరవ నెలలోనే మశూచికము సోకి బిడ్డ బ్రతుకుట దుర్లభమైనది. బ్రతికెనుగాని దగ్గు, ఆయాసము ఆ దేహమును విడిచిపెట్టలేదు. నాలుగేండ్లు నిండునప్పటికి తండ్రి పోయెను. పెదతండ్రి వెంకటరత్నముగారు పెంచి పెద్దచేసిరి. నేటి బడిలో ఇట్టి పిల్లవాని పేరునకు ఎదురుగా ఏమి వ్రాయుదుమో మాకు తెలియును: తరచు రాడు, బలహీనుడు, శ్రద్ధ తీసికొనవలెను. ఆ మూడవ మాట వ్రాయుట సులభము.

అయిదవయేట వీధిబడిలో వేసిరి. ఆనాటి వీధిబడిని గూర్చి మేము కొంచెము విస్తరించి చెప్పక తప్పదు. ఏలన పంతులుగారు తరువాత చేసిన పని యంతయు దానిలోని మంచి చెడ్డలనుండియే పుట్టినది. అరుగుమీద బడి. నేలమీద ఇసుక పోసి వ్రేలితో అక్షరములు దిద్దించువారు. అక్షరములు వచ్చినవాడు గుణింతమునకు, గుణింతము వచ్చినవాడు ఎక్కములకు పోవును. తరగతులు లేవు. ఒకడు ఆరు నెలలలో చేరిన మెట్టు మరియొకడు రెండేండ్లకు చేరవచ్చును. వానికొరకు వీడు ఆగనక్కరలేదు, వీనికొరకు వాడు పరుగెత్తనక్కరలేదు. పెద్దపిల్లలు చిన్నవారికి చెప్పుదురు. మద్రాసు ఎగ్మూరులో అనాథ సైనిక బాలుర ఆశ్రమమునకు అధికారిగా నుండిన ఆండ్రూ బెల్ అను దొర 1789 తరువాత ఈ పద్ధతిని చూచి, తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో ఇంగ్లండులో దానిని గూర్చి పుస్తకము ప్రకటించెను. మద్రాసు పద్ధతి యను పేర అది ఆ దేశమందలి బీదపిల్లల బడులలో వ్యాపించినది. మన యరుగుబడి సముద్రము దాటి గౌరవము పొందినదని చెప్పుకొనుటకు మాకును సంతోషమే.

అయితే సంతోషము అచ్చటనే ఆగిపోవును. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ దొర తన మండలమందలి బడులను గూర్చి ప్రభుత్వమునకు పంపిన నివేదికలో ఇదే వ్రాతను, ఈ చట్టములనే మెచ్చుకొనుచు, పిల్లలు వల్లించు కావ్యభాష వారు మాటలాడు భాష కాదనియు, అర్థము తెలియకయే అప్పజెప్పుదురనియు తెలిపెను. ఆయన తెలుగు వ్యాకరణము వ్రాసినవాడు గనుక ఊరక అన్న మాట కాదు. బాలవీరేశలింగము సైతము బాలరామాయణము, అమరము, శతకములు కంఠస్థము చేసెను. ఆయనకు అవి వచ్చినవి, జ్ఞాపకశక్తి అట్టిది. రానివారి గతి యేమి? గుంజిళ్లు, తొడపాశములు, కోదండములు. ప్రతివాని నడకను వానికి విడిచిన ఆ బడి, ప్రతివాడు ఒకే దారిని నడువవలెనని నిర్బంధించినది. చెవితో పట్టువానికి అది స్వర్గము. చేతితో పట్టువానికి, కంటితో పట్టువానికి, ఏల యని యడుగువానికి అది కోదండమే.

పండ్రెండవయేట ఆయన రాజమహేంద్రవరపు ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లీషు చదువునకు చేరిరి. ఇచ్చట సంగతి తారుమారు. పుస్తకములోని మాటకు అర్థము చెప్పుదురు, పటము చూపుదురు, ప్రశ్న వేయుదురు. కాని నలుబదిమందిని ఒక గదిలో కూర్చుండబెట్టి, ఒక పుస్తకము నొకే దినమున ఒకే పుటవరకు నడిపింతురు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున మద్రాసు రాజధానిలో ఎయిడెడ్ బడులకు పిల్లల పరీక్షాఫలితములను బట్టి గ్రాంటు ఇచ్చు పద్ధతి యుండెను. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లవానిని చదివించి, వ్రాయించి, లెక్క చేయించి, గట్టెక్కినచో బడికి ఇన్ని అణాలని లెక్క కట్టును. అట్టి బడిలో వెనుకబడినవాడు పంతులునకు బిడ్డగా కనబడునా, నష్టముగా కనబడునా? మాకు జీతములు అట్లు లెక్కగట్టకున్నను నూటికి నూరు ఉత్తీర్ణత యను మాట నోటీసు బోర్డుమీద చూచినపుడు మాకును ఆ అణాల చప్పుడు వినవచ్చుచునే యుండును.

అన్ని తరగతులలోను వీరేశలింగముగారు ప్రథములుగా నుండిరి. వ్యాధి వచ్చినపుడు బడి మానుట, కోలుకొని వచ్చి పోయినదానిని తానై అందుకొనుట ఆయనకు అలవాటైపోయినది. తానై చదువుకొనువాడు తానై ఆలోచించును. కేశవచంద్ర సేనుగారి రచనలు చదివి విగ్రహారాధనయందు విశ్వాసము సడలించుకొనిరి. దయ్యములు కలవో లేవో తేల్చుకొనుటకు నడిరేయి శ్మశానమునకు పోయిరి. చెప్పినదానిని నమ్మక చూచి నమ్మువాడు ఇట్టి విద్యార్థి. ఇట్టివానిని తరగతిలో భరించుట ఎంత కష్టమో ఉపాధ్యాయులకు తెలియును.

పెదతండ్రిగారు గతించినపిదప ఉద్యోగము అవసరమైనది. లంచము లేనిదే కచేరీలో చోటు దొరకదని గ్రహించి ఆ యుద్యోగము వద్దనుకొనిరి. వకీలు వృత్తియందును అసత్యము తప్పదని దానిని విడిచిరి. మిగిలినది బడి. మిగిలినదిగా వచ్చి బడిలో చేరినవారు ఆనాడును ఉండిరి, నేడును ఉన్నారు. కాని ఆయన మిగిలినదానిని మొదటిదిగా చేసికొనిరి. కొంతకాలము కోరంగిలో పనిచేసి పిమ్మట ధవళేశ్వరమునకు వచ్చిరి.

ఆనాటి ధవళేశ్వరము సామాన్యమగు పల్లె కాదు. ఒకప్రక్క ధవళగిరి, దానిమీద జనార్దనస్వామి కోవెల, క్రింద వైదికుల యిండ్లు. వేరొకప్రక్క ఆనకట్ట, కాలువల మొదళ్లు, ఇంజనీరింగు శాఖవారి కార్ఖానాలు, గుమాస్తాలు, వడ్రంగులు, కమ్మరులు, పడవవారు. ఒక పూటకు వేదము వినబడును, మరియొక పూటకు సమ్మెట వినబడును. తరువాత 1878లో వివేకవర్ధనిలో ప్రకటింపనారంభించిన రాజశేఖర చరిత్రమును ఆయన ఈ కొండ వర్ణనతోనే మొదలిడిరి. గోల్డ్‌స్మిత్తు నవలయొక్క ఛాయలు గల ఆ కథకు ఈ నేలను పీఠముగా వేసిరి. ఉపాధ్యాయుడు ఊరిని చూచుట నేర్చుకొనినచో ఎట్టి ఫలితము వచ్చునో ఆ మొదటి ప్రకరణమే తెలుపును.

ఇక బాలికల పాఠశాల సంగతి. మన జిల్లాలయందు బాలికలకు మొదట చదువు చెప్పినవారు ఆయన కారు. క్రైస్తవ మిషనరీల బడులలో అంతకుముందే బాలికలు చదువుచుండిరి. ఈ మాట మేము మా గొప్పకొరకు చెప్పుటలేదు. మిషను బడికి అగ్రవర్ణపు గృహస్థులు తమ కూతులను పంపుట కష్టము; మతము పోవునని భయము. ఆ భయము గల యిండ్లలోనుండియే, ఆ కులములో పుట్టిన మనుష్యుడే బాలికలకు బడి తెరచుట వలన మిషనరీలు తెరవలేని తలుపు తెరచుకొన్నది. చదువు ఒక్కటే యైనను పిలుచు గొంతు వేరుగా నుండవలసిన సమయములు కలవు. ఆయన మా మతమున చేరినవారు కారు, బ్రహ్మసమాజికులు. అందువలన ఆయనయందు మా గౌరవము వీసమంతయు తగ్గదు.

ఆ బాలికల స్థితి ఎట్టిది? ఎనిమిదవయేట, పదవయేట పెండ్లి. ఆయన పదుమూడవయేట వివాహమాడిన బాపమ్మగారికి, అనగా తరువాతి రాజ్యలక్ష్మమ్మగారికి, ఎనిమిదేండ్లు మాత్రమే. పెండ్లి కాగానే బడి ముగియును. కావున బాలునకు పది సంవత్సరములలో పంచిపెట్టు చదువును బాలికకు మూడు నాలుగేండ్లలో ఇమిడ్చి పెట్టవలెను. చదువు వచ్చిన ఆడుది వితంతువగునని చెప్పు ముసలివారు ఇంట నుందురు. చెప్పుటకు పంతులమ్మలు లేరు. చేత పెట్టుటకు తగిన పుస్తకము లేదు; ఉన్న ప్రబంధములు శృంగారమయములు. 1901 జనాభా లెక్కలనాటికి సైతము మద్రాసు రాజధానియందు అక్షరజ్ఞానము గల స్త్రీలు నూటికి ఒక్కరిని మించలేదు. మద్రాసులో ఆంధ్రభాషాసంజీవని నడపుచుండిన కొక్కొండ వేంకటరత్నం పంతులుగారు పండితాగ్రేసరులు. వారు స్త్రీవిద్యను ప్రతిఘటించి వ్రాసిరి. వాదమునకు పత్రిక కావలసివచ్చినది. 1874లోనే వివేకవర్ధని వెలువడినది. బడియు పత్రికయు ఒక్క యేటి పిల్లలు.

ఇచ్చట పంతులుగారిలో కలిగిన మార్పు మమ్ము మిక్కిలి ఆకర్షించినది. అంతకుముందు ఆయన ఎట్టి రచన చేసిరి? సంస్కృతపదము లేక, పెదవులు తగులు అక్షరము లేక, వచనము లేక నలకథను శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధముగా కూర్చిరి. అది కఱ్ఱసాము వంటి విద్య. చిన్నయసూరిగారు విడిచిన పంచతంత్ర భాగములను సూరిగారి ఫక్కినే ప్రౌఢగద్యమున పూరింప బూనిరి. ఆ చేయియే కొలది కాలములో సామాన్య గృహిణి చదివి గ్రహింపగల తేట వచనమునకు దిగినది. దిగినది యనుట తప్పు. అట్లు వ్రాయుట ఎక్కుటకంటె కష్టము. ప్రౌఢముగా వ్రాయువానికి పాఠకుడు అక్కరలేదు, నిఘంటువు చాలును. తేటగా వ్రాయువాడు చదువు మనిషిని కన్నులయెదుట ఉంచుకొనవలెను. పదేండ్ల బాలిక పలక పట్టుకొని ఎదుట కూర్చుండినపుడు నిరోష్ఠ్యము ఎందులకు పనికివచ్చును?

పిమ్మట రాజమహేంద్రవరమునకు తరలి, అచ్చట ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులై, ఎవరికి ఏది కావలెనో దానిని వ్రాసిపెట్టుటయే వ్రతముగా గైకొనిరి. చిన్నయసూరిగారి వ్యాకరణమునకు బాలవ్యాకరణమని పేరేగాని దానిని చదివిన బాలుని మేము నేటివరకు చూడలేదు. పంతులుగారు మొదటి తరగతులవారికి సంగ్రహ వ్యాకరణము వ్రాసిరి. తర్కము, జ్యోతిశ్శాస్త్రము, శరీరశాస్త్రము వీనికి సంగ్రహములు వ్రాసిరి. ఇంగ్లీషు రానివానికి శాస్త్రము రాకూడదా యను ప్రశ్నకు ఆయన వాదముతో కాక పుస్తకముతో ప్రత్యుత్తరమిచ్చిరి. జంతువులను గూర్చి వేరొక పుస్తకము. స్త్రీలకు 1883లో సతీహితబోధిని యను పత్రిక. ఆ యేటనే సత్యవతీ చరిత్రము. దేహారోగ్యమును గూర్చియు వ్రాసిరి; బాల్యమునుండి ఆయాసపడినవాడు ఆరోగ్యపాఠము వ్రాయుట మాకు వింతగా తోచదు.

నాటకముల సంగతియు చెప్పవలెను. బ్రహ్మవివాహమున పాత్రలచేత ఎవరి పలుకు వారిచే పలికించిరి. 1880లో విద్యార్థులను కూర్చుకొని వ్యవహార ధర్మబోధిని మొదలగువానిని ఆడించిరి. తెలుగున ఆధునిక నాటక ప్రదర్శనములకు అది మొదలని చరిత్రకారులు వ్రాయుదురు. మాకు కనబడునది వేరు. పుస్తకము చదువునపుడు నోరు పెగలని పిల్లవాడు వేషము వేసినపుడు ఎట్లు మారిపోవునో మేము ప్రతి వార్షికోత్సవమునందును చూచుచున్నాము. వకీలు వేషము కట్టి కచేరీ మోసములను రంగమున వెలికి తీసిన ఆ బాలురలో వ్యాకరణము రానివారు ఒకరిద్దరైనను ఉండియే యుందురని మా ఊహ.

ఇంతవరకు పొగడితిమి. మా మనస్సున నున్న సందేహమును దాచుట న్యాయము కాదు. పంతులుగారు బాలికలను, పనివారిని, ఇంగ్లీషు రానివారిని వేరు వేరుగా చూచిరి. ఎవరికి తగిన పుస్తకము వారికి వ్రాసిరి. కాని బాలికలందరును ఒక్క తీరున నుందురా? సత్యవతీ చరిత్రములోని చదువు గృహమును దిద్దుకొనుటకు, భర్తకు తోడగుటకు, మూఢవిశ్వాసములను విడుచుటకు ఉద్దేశింపబడినది. లెక్కలయందు ఆసక్తి గల బాలిక, నక్షత్రములను లెక్కపెట్టు బాలిక ఆ పుస్తకములో తన్ను తాను చూచుకొనగలదా? జాతిగా భేదము నెన్నుట యొకటి, మనిషిగా నెన్నుట మరియొకటి. ఆ రెండవది ఆనాటి ఐరోపాలోను అప్పుడప్పుడే శాస్త్రమగుచుండెను. గాల్టను దొర మనుష్యుల శక్తిభేదములను కొలుచుటను గూర్చి 1883లో పుస్తకము ప్రకటించెను. ప్యారిసు నగరమున బినే పండితుడు సిమోనుతో కలిసి బడిలో వెనుకబడు పిల్లలను గుర్తించుటకై మొదటి బుద్ధిపరీక్షను కూర్చినది 1905లో. ఆ పరీక్షయు తరువాతివారి చేతులలో పిల్లలకు సాయము చేయుటకంటె ముద్ర వేయుటకే ఎక్కువగా ఉపయోగపడినది. మా జాబితా వంటిదే. కావున పంతులుగారిని తప్పుపట్టుటకు మాకు నోరు లేదు. సందేహమును మాత్రము చెప్పితిమి.

ఆ సందేహమునకు ప్రత్యుత్తరము కొంతవరకు ఆయన జీవితముననే కలదు. అది పుస్తకములలో లేదు, ఇంటిలో నున్నది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున ఆయన యింట మొదటి వితంతు వివాహము జరిగినది. వరుడు గోగులపాటి శ్రీరాములుగారు, వధువు గౌరమ్మగారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. ఊరు వెలివేసెను. వంటవారు, నీళ్లవారు మానుకొనిరి. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి, తామే వండిపెట్టిరి. అటుపిమ్మట వితంతువులు ఒక్కొక్కరుగా ఆ యింటిని ఆశ్రయించిరి. వారిని తరగతిగా చూచుట సాధ్యము కాదు. ఒకతె బాలిక, భర్త ముఖమును ఎరుగదు. ఒకతె యౌవనవతి, పుట్టింటివారు తలుపు మూసినారు. అక్షరము రానివారు, ఇంటిలో దొంగతనముగా కొంత చదివినవారు, భయముచే మాట పెగలనివారు అట్టి యింటికి వత్తురు. ఒకతెకు అక్షరముకంటె ముందు నిద్ర కావలెను, మరియొకతెకు ఏడ్చుటకు చోటు కావలెను. ఎవరికి ఏది ముందో ఎన్నవలసిన పని రాజ్యలక్ష్మమ్మగారి వంటి మనస్సుకు పడినది. శిక్షణ కళాశాల ముఖము చూడని ఆ తల్లి చేసిన పనికి మాకు దొరకిన పట్టాలలో పేరు లేదు. ఆమె 1910లో గతించిరి.

పంతులుగారి ప్రభావమున పెరిగినవారిలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారిని ఇచ్చట తలపక పోలేము. 1867లో పుట్టిన ఆయనకు చిన్ననాటినుండి చూపు మందము, రాత్రియైన కనబడదు. ఇతరులు చదువగా విని, విన్నదానిని విడువక నిలుపుకొని ఆయన పండితులైరి, ఉపాధ్యాయులైరి, గయోపాఖ్యానము, గణపతి వ్రాసిరి. పద్యము నాటకము మాట వచ్చినచో చెవియే ఆయనకు కన్ను. వీధిబడి పద్ధతి ఒకరికి కోదండమైనదని పైని వ్రాసితిమి. ఇట్టివారికి అదియే ఊతమైనది. తరువాత ఆయన 1909లో రాజమహేంద్రవరమున, బడిగడప ఎక్కనీయబడని కులముల పిల్లలకొరకు రామమోహన పాఠశాలను స్థాపించిరి. తాను తరగతికి సరిపడనివాడుగా పెరిగినవాడు తరగతికి రానీయని పిల్లలను వెదకికొని పోవుట మమ్ము మరల మరల ఆలోచింపజేయుచున్నది.

పంతులుగారు తరువాత కొన్నియేండ్లు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా నుండి, తిరిగివచ్చి, తమ ఆస్తి యంతయు హితకారిణీ సమాజమునకు వ్రాసియిచ్చిరి. ఈ భాగమును ఇతరులు విపులముగా వ్రాసియున్నారు గనుక మేము విడుచుచున్నాము.

చివరి సంగతి ఒకటి మాత్రము విడువరానిది. 1919లో, డెబ్బది సంవత్సరములు దాటిన వయస్సున, రాజమహేంద్రవరమున వ్యావహారిక భాషను బోధనలోనికిని రచనలోనికిని తెచ్చుటకై ఏర్పడిన సమాజమునకు ఆయన అధ్యక్షులైరి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవరపిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పించి, పిల్లవాడు ఇంట పలుకు పలుకులోనే బడి మొదలుకావలెనని ఏండ్ల తరబడి పోరాడుచుండిరి. గ్రాంథికమున ఆరితేరి, ఆ భాషలోనే కీర్తి గడించిన వృద్ధుడు తన జీవితపు పనిముట్టును ప్రక్కనబెట్టి ఆ పోరాటమునకు తల యూపుట సామాన్యము కాదు. నిరోష్ఠ్యమునుండి తేట వచనమునకు ధవళేశ్వరపు రోజులలో మొదలైన నడక అచ్చటివరకు వచ్చినది. ఈ మాటను మేము గ్రాంథికమున వ్రాయుచున్నందుకు మా విద్యార్థులు నవ్వుకొనవచ్చును. మా పత్రిక అలవాటు ఇది. మా తరగతిలో మాత్రము మేము ఇట్లు మాటలాడము.

ఆ యేడు మే 27వ తేదీన మద్రాసులో, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి యింట ఆయన దేహము చాలించిరి.

వ్యాసము ముగింపకముందు లాకులయొద్ద నిలిచిన బాలుని మాట. మొన్న నీటియొత్తిడి పాఠము వచ్చినపుడు మేము సుద్దముక్కను వానిచేతికిచ్చి ప్రక్కకు నిలిచితిమి. వాడు చాలసేపు కదలలేదు. ముందు బల్లలవారు నవ్విరి. అటుపిమ్మట పలకమీద రెండు తలుపులు గీచి, వాని నడుమ నీటి గీటు గీచి, చెప్ప నారంభించెను. ఒత్తులు దిగవిడుచుచునే చెప్పెను. గంట కొట్టునప్పటికి సగమే అయినది. తక్కినది సోమవారమునకు నిలిపితిమి.